మౌనము అంగీకారము కాదు

గుంటూరు నుండి సత్తెనపల్లి, పిడుగురాళ్ళల మీదుగా వచ్చు రైలుమార్గము సున్నపురాతి గనులను, సిమెంటు కర్మాగారముల పొగగొట్టములను, మిరపచేలను దాటుకొని నడికుడిని చేరిన పిమ్మట రెండు పాయలై, ఒకటి గురజాల, రెంటచింతలల మీదుగా మాచెర్లకును, రెండవది పొందుగుల కడ కృష్ణానదిని దాటి విష్ణుపురము, మిర్యాలగూడ, నల్లగొండల మీదుగా సికింద్రాబాదు దిక్కునకును సాగిపోవుచున్నది. బండ్ల సందడి లేని ఒక మధ్యాహ్నవేళ నడికుడి స్టేషనులోని బల్లపై కూర్చుండి, ఎండలో వెలవెలబోవుచున్న ఎర్రదీపము వంక చూచుచుండగా, కొన్నాళ్ళుగా నా మనస్సును పట్టి వదలకయున్న ఒక కంప్యూటరు చిక్కునకు సమాధానము నాకు స్ఫురించెను. కంప్యూటర్లు పుట్టుటకు ఏడెనిమిది దశాబ్దములకు ముందే రైలు ఇంజనీర్లకు తెలిసియున్న సమాధాన మది.

ఆ చిక్కేమో ముందు చెప్పవలెను. నడికుడిలోని మా యింట పుస్తకముల బీరువా ప్రక్కన అరచేతి వెడల్పు గల చిన్న కంప్యూటరు ఒకటి రేయింబవళ్ళు పనిచేయుచుండును. కుటుంబపు ఫొటోలు, హక్కుల కాలము తీరిన పాత తెలుగు పుస్తకముల స్కాను ప్రతులు, ఇంటి లెక్కలు అందులో నున్నవి. ఇవన్నియు నేడు పెద్ద సంస్థల యంత్రములలో అద్దెకు దాచుకొనవచ్చును. ఐనను వీధికుళాయి యుండగా పెరటిలో నుయ్యి త్రవ్వించుకొనువాని పట్టుదల ఎట్టిదో, స్వంత సర్వరు పెట్టుకొనువాని పట్టుదలయు అట్టిదే. నుయ్యి మనదైనప్పుడు పూడిక తీయించుట, గిలక విరిగిన బాగుచేయించుట, నీరు ఎంత లోతున నున్నదో చేద వేసి చూచుకొనుట మన పనులే యగును. సర్వరు విషయమున ఈ చేద వేసి చూచు పనిని నిమిషనిమిషమును చేసిపెట్టు సాఫ్ట్‌వేరునే మానిటరింగ్ టూల్ అందురు. ప్రాసెసరు ఎంత శ్రమించుచున్నది, మెమరీ ఎంత మిగిలినది, డిస్కు ఎంత నిండినది, యంత్రము ఎంత వేడెక్కినది అను సంగతులను అది సేకరించి, గీతలుగా గీచి, హద్దు మీరినప్పుడు మన ఫోనునకు కబురు పంపును.

ఒక వైశాఖమాసమున మా వీధిలో కరెంటు చాలసేపు పోయి వచ్చినది. ఆ తరువాత రెండు దినములపాటు నేను, ఇంటిలోని రెండవ యంత్రముపై నడచు నా పర్యవేక్షణ పుటను తెరచినప్పుడెల్ల పుస్తకముల సర్వరు ఎదుట ఆకుపచ్చని చుక్కయే కనబడుచుండెను. ఉష్ణోగ్రత 61 డిగ్రీలనియు, డిస్కు సగము ఖాళీ యనియు వ్రాసియుండెను. మూడవనాడు పిడుగురాళ్ళ నుండి ఒక మిత్రుడు ఫోను చేసి పుస్తకము తెరచుకొనుట లేదని చెప్పినప్పుడు గాని, ఆ యంత్రము కరెంటు పోయిన ఘడియనుండియు లేవనే లేదని నాకు తెలియలేదు. నేను చూచుచుండినది రెండు దినముల క్రిందటి అంకెలను. టూలును నేను అమర్చుకొన్న విధమున, ‘ఉష్ణము 80 దాటినదా? డిస్కు 90 శాతము మించినదా?’ అని అది అడుగుచుండెను. జవాబిచ్చు యంత్రమే లేనందున ‘దాటినది’ అను మాట ఏ దిక్కునుండియు రాలేదు. రానందున దాటలేదనియే నిశ్చయించి అది ఊరకుండెను. మౌనం అర్ధాంగీకారమను సామెత పెండ్లిచూపులలో చెల్లవచ్చును గాని, యంత్రముల కావలిలో చెల్లదు.

ఇప్పుడు ఆ ఎర్రదీపము సంగతి. 1872లో విలియం రాబిన్సన్ అను అమెరికా దేశీయుడు ట్రాక్ సర్క్యూట్ అను ఏర్పాటును కనిపెట్టెను. రైలుదారిలో కొంత భాగమును విద్యుత్తు విషయమున వేరుచేసి, రెండు పట్టాల గుండ ఒక చివరనుండి బ్యాటరీ ద్వారా స్వల్పమైన విద్యుత్ప్రవాహమును పంపి, రెండవ చివర ఒక రిలేను, అనగా విద్యుదయస్కాంతముతో పైకెత్తబడు చిన్న మీటను, అమర్చుదురు. ప్రవాహము వచ్చుచున్నంతసేపు మీట పైకి లేచియుండును. అది లేచియున్నప్పుడు మాత్రమే దారి ఖాళీగా నున్నదని సిగ్నలు చెప్పగలుగును. బండి వచ్చి ఆ భాగముపై నిలిచినప్పుడు ఇనుప చక్రములు, ఇరుసులు రెండు పట్టాలను కలిపివేయుటచే ప్రవాహము రిలేవరకు చేరక, మీట తన బరువుతో జారిపడును, వెంటనే ఎరుపు. ఇంతవరకు సామాన్యమే. ఈ యుక్తిలోని అసలైన గొప్పతనము బండి రాకున్నను జరుగు పనిలో నున్నది: తీగ తెగినను, పట్టా విరిగినను, బ్యాటరీ నీరసించినను మీట జారిపడును, జారిపడిన ఎరుపే. ఇందులో క్షేమమను వార్తను యంత్రము క్షణక్షణమును శ్రమపడి నిలువబెట్టవలెను. ప్రమాదమను వార్త మాత్రము ఎవ్వరి శ్రమయు లేకయే తనంతట తాను వచ్చును. ఈ ఏర్పాటును దీనికి విపరీతముగా, బండి వచ్చినప్పుడు మాత్రమే ప్రవాహము కలుగునట్లు చేసియుండిన, తెగిన తీగ ఖాళీ దారివలె కనబడియుండెడిది. మా సర్వరు కావలి సరిగా ఆ విపరీతపు పద్ధతిలోనే పనిచేయుచుండెను.

రైల్వేలవారు ఇంతటితో ఆగలేదు. సిగ్నళ్ళ రిలేలు ఎప్పుడు లేచినవి, ఎప్పుడు పడినవి, పాయింట్లు ఏ వైపునకు మరలినవి అను సమస్త వృత్తాంతమును స్టేషనులోనే వ్రాసికొనుచుండు డేటాలాగరు అను యంత్రము భారతీయ రైల్వేలలో వాడుకలో నున్నది. ఇది తెలుగునాటి శాస్త్రజ్ఞానమునకు సంబంధించిన ముచ్చట గూడ. ఏలయన, 1985లో విజయవాడలో స్థాపింపబడిన ఎఫ్‌ట్రానిక్స్ సంస్థ ఈ డేటాలాగర్లను తయారుచేసి రైల్వేలకు అందించుచున్న వారిలో నున్నది. సిగ్నలు విద్యను నేర్పు భారతీయ రైల్వేల శిక్షణాలయము ఇరిసెట్ 1957 నుండి సికింద్రాబాదులోనే యున్నది. డేటాలాగరు రిలేల స్థితిని 16 మిల్లీసెకన్లకు ఒకసారి, వోల్టేజీల వంటి వానిని సెకనుకొకసారి పరిశీలించును. కాని పరిశీలించిన ప్రతిదానిని వ్రాసికొనదు. మార్పు కలిగినప్పుడు మాత్రమే కాలముతో సహా వ్రాసికొని, లక్షల కొలది ఘటనలను దాచియుంచి, డివిజను కేంద్రమునకు పంపును. ఏదేని పొరపాటు జరిగిన పిమ్మట ఏ రిలే ముందు పడినది, ఏది తరువాత పడినది అను విచారణ కంతకును అదియే సాక్షి.

సర్వరు కావలి టూళ్ళు మరియొక దారిని వచ్చినవి. 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ విడుదల చేసిన నెట్‌సెయింట్, తరువాత నాగియోస్ అను పేరుతో ప్రసిద్ధి కెక్కినది, ‘బాగున్నావా?’ అని ప్రతి యంత్రమును అడిగి జవాబును బట్టి రంగులు వేయు పద్ధతిని వ్యాపింపజేసెను. 2012లో బెర్లిను నగరమున సౌండ్‌క్లౌడ్ సంస్థలో మొదలైన ప్రొమిథియస్, అంకెలను కాలక్రమమున సేకరించి వానిపై ప్రశ్నలు వేయుటకు ఒక భాషనే కల్పించినది. ఇవి గొప్ప సంస్థల అవసరములకు పుట్టినవి. ఇంటిలో ఒకటిరెండు యంత్రములున్నవారికి ఇటీవల తేలికపాటి టూళ్ళు అనేకము వచ్చినవి: ప్రతి యంత్రములోను ఏజెంటు అను చిన్న ప్రోగ్రాము, అన్నింటి వార్తలను స్వీకరించు హబ్ ఒకటి, చూచుకొనుటకు ఒక డాష్‌బోర్డు. వీనిని మెరుగుపరచుట యనగా ఏమి? క్రొత్త రంగులు, క్రొత్త గీతలు చేర్చుట యని అనేకులు తలంతురు. నా దృష్టిలో, ఉన్న గీతలు పలుకుచున్న అసత్యములను తొలగించుటయే మొదటి మెరుగు. ఆ అసత్యము లెట్టివో కంటైనర్ల విషయమున బాగుగా తెలియును.

కంటైనరు అనగానే ఓడలకు, గూడ్సుబండ్లకు ఎక్కించు ఇనుపపెట్టె స్ఫురించును గాని, కంప్యూటరులోని కంటైనరు పెట్టె కాదు, యంత్రములోపలి మరియొక యంత్రమును కాదు. అది వాటాల యింటివంటిది. ఇల్లు ఒక్కటే, నుయ్యి ఒక్కటే, పునాది ఒక్కటే, అద్దెకున్నవారు నలుగురు. ఎవరి గదిలో వారికి తమ సామానే కనబడును, ప్రక్కవాటావారి సామాను కనబడదు. ఈ గోడలను లినక్స్ కెర్నలులో నేమ్‌స్పేసులు అందురు. ఎవరెంత కరెంటు వాడినదియు తెలియుటకు, మితిమీరినవారిని నిలుపుటకు ప్రతి వాటాకును ఒక సబ్‌మీటరు ఉండును. దానిని సీగ్రూపు అందురు. గూగుల్ సంస్థలో 2006లో పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ అనువారు ఈ సబ్‌మీటర్ల పనిని ఆరంభింపగా, 2008 జనవరిలో వెలువడిన లినక్స్ కెర్నలులో అది చేరినది. 2013లో వచ్చిన డాకర్ ఈ గోడలను, మీటర్లను సామాన్యులు ఒక్క ఆజ్ఞతో అమర్చుకొనునట్లు చేసెను. కావున కంటైనరును కనిపెట్టియుండు టూలు చేయునదెల్ల ఈ సబ్‌మీటర్లను చదువుటయే. చదువుటలోనే తెలివి కావలెను.

మొదట ప్రాసెసరు మీటరును చూతము. ఒక కంటైనరునకు ప్రాసెసరులోని ఒక కోరులో సగము మాత్రమే ఇత్తుమని మనము హద్దు పెట్టినప్పుడు, కెర్నలు ఆ హద్దును 100 మిల్లీసెకన్ల విడతలుగా లెక్కించి, ప్రతి విడతలోను 50 మిల్లీసెకన్ల పనికి మాత్రమే అనుమతి నిచ్చును. ఆ కంటైనరులోని ప్రోగ్రాము నాలుగు చేతులతో నాలుగు కోర్లపై ఒక్కసారి పనికి దిగినచో, ఆ 50 మిల్లీసెకన్ల కూలి గోడగడియారము ప్రకారము పన్నెండున్నర మిల్లీసెకన్లలోనే ఖర్చైపోవును. తక్కిన ఎనుబదియేడున్నర మిల్లీసెకన్లు నాలుగు చేతులును కట్టివేయబడి కూర్చుండవలెను. ఇట్టి తొందరపాటు నిమిషమునకు కొన్ని మార్లు కలిగిన, పుస్తకము తెరచువానికి పుట నత్తనడక నడచుచున్నట్లుండును. కాని నిమిషపు సగటును చూపు గీత మాత్రము పది శాతము వాడుక యని నిశ్చింతగా చెప్పుచుండును. ఎంత పనిచేసినదను అంకె సత్యమే. ఎంతసేపు ఆపబడినదను అంకె లేకపోవుటచే ఆ సత్యము మోసమైనది. కెర్నలు ఆ రెండవ అంకెను గూడ సీగ్రూపులోని లెక్కల ఫైలులో వ్రాసియే యుంచుచున్నది. చదువు టూళ్ళు తక్కువ. నేను నా టూలునకు చేసిన మొదటి మార్పు ఈ ‘ఆపివేత’ కాలమును వాడుక గీత ప్రక్కనే గీయించుట. అంతవరకు నేను నిందించుచు వచ్చిన డిస్కు నిరపరాధియని ఆ గీత ఒక్కపూటలో తేల్చినది.

2018 డిసెంబరున వచ్చిన లినక్స్ కెర్నలులో ఫేస్‌బుక్ ఇంజనీరు యోహానెస్ వైనర్ చేర్చిన ఒత్తిడి లెక్క ఈ వరుసలోనిదే. పనులు ప్రాసెసరు కొరకో, మెమరీ కొరకో, డిస్కు కొరకో వేచియుండుటలో గడచిన కాలము నూటికి ఎంత యని అది చెప్పును. రేషను దుకాణములో ఎన్ని బస్తాలు ఖర్చైనవను లెక్క వేరు, వరుసలో నిలిచినవారు ఎంతసేపు నిలిచిరను లెక్క వేరు. బాధను చెప్పునది రెండవదే. ఇంటి టూళ్ళలో ఇది ఇంకను అరుదుగా కనబడుట నాకు విచారకరముగా నున్నది.

మెమరీ మీటరు చేయు మోసము దీనికి వ్యతిరేకము. అది లేని భయమును పుట్టించును. లినక్స్, ఖాళీగా నున్న మెమరీని వ్యర్థముగా విడువక, ఇటీవల చదివిన ఫైళ్ళ నకళ్ళను అందులో నుంచుకొని, ఎవరికైన చోటు కావలసివచ్చినప్పుడు వానిని క్షణములో తీసివేయును. పండుగకు వచ్చిన చుట్టములు వసారాలో పరుపులు వేసికొన్నంత మాత్రమున ఇల్లు చాలదనరాదు గదా! సీగ్రూపు చూపు మొత్తపు అంకెలో ఈ నకళ్ళును చేరియుండును గనుక, దానినే గీతగా గీచు టూలు, పుస్తకములు వడ్డించు కంటైనరు నిత్యము 95 శాతము నిండియున్నదని గగ్గోలుపెట్టును. కొంతకాలముగా ముట్టుకొనని నకళ్ళను ఆ మొత్తమునుండి తీసివేసి చూపుట డాకర్ తన స్వంత అంకెలలో చేయుచున్న సవరణ. ప్రతి టూలును చేయవలసిన సవరణ. ఇక నిజముగా మెమరీ చాలనప్పుడు కెర్నలు ఆ కంటైనరులోని ప్రోగ్రామును చంపివేయును. చావు 137 అను సంకేతముతో నమోదగును; అందులో 9 అనునది చంపు ఆజ్ఞ సంఖ్య, 128 దానికి కలుపు సంఖ్య. ‘పడిన వెంటనే లేపుము’ అని మనము డాకరునకు ముందే చెప్పియుంచుటచే అది మరుక్షణమే మరల పుట్టును. నిమిషమున కొకసారి మాత్రమే చూచు టూలునకు ఈ చావు పుట్టుకలు రెండును కనబడవు. కనబడునదంతయు మెమరీ వాడుక హఠాత్తుగా తగ్గుటయే. అది శుభవార్తవలె నుండును! డేటాలాగరు నుండి మనము నేర్చుకొనవలసినది ఇక్కడ నున్నది: అంకెలను గడువు ప్రకారము చదువుటతో పాటు, పడుట లేచుట వంటి ఘటనలను జరిగిన క్షణముననే వ్రాసికొనవలెను. డాకరు తన ఘటనలను ప్రవాహముగా చెప్పుచునే యుండును, చెవియొగ్గుటయే తరువాయి.

చెవియొగ్గుటను గురించి ఒక హెచ్చరిక. కంటైనర్ల వార్తలు తెలియుటకు ఏజెంటునకు డాకరు సాకెట్ అను ద్వారమును తెరచి ఇత్తురు. ఆ ద్వారము నుండి వార్తలడుగవచ్చును. అదే ద్వారము నుండి క్రొత్త కంటైనరును పుట్టించి, ఆ కంటైనరునకు యంత్రమంతటిని అప్పగింపవచ్చును. అనగా కావలివానికి గేటు తాళముతో పాటు ఇనప్పెట్టె తాళమును ఇచ్చుటయే. ‘చదువుటకు మాత్రమే’ అని సాకెట్ ఫైలునకు గుర్తు పెట్టినంత మాత్రమున భద్రమని భావించువారు కలరు. ఆ గుర్తు ఫైలును మార్చుటను ఆపును గాని, దానిగుండ పోవు ఆజ్ఞలను ఆపజాలదు. మధ్యను ఒక చిన్న ప్రాక్సీని నిలిపి, అడుగు ప్రశ్నలను మాత్రమే లోనికి పోనిచ్చి, చేయు ఆజ్ఞలను త్రిప్పిపంపుట సరియైన ఉపాయము. కావలికి పెట్టినదే కన్నపుదారి కారాదు.

అంకెలను దాచుటలో ఒక అందమైన గణితము కలదు. పదునైదు సెకన్లకు ఒకసారి చదివినచో దినమునకు 5,760 మార్లు. 200 రకముల అంకెలున్న యెడల 11 లక్షల 52 వేల నమోదులు. ఒక్కొక్కదానికి కాలమునకు 8, విలువకు 8, మొత్తము 16 బైట్ల చొప్పున దాచినచో దినమునకు కోటి ఎనుబదినాలుగు లక్షల బైట్లు. 2015లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు గొరిల్లా అను డేటాబేసును వివరించుచు చూపిన పద్ధతిలో ఈ 16 బైట్లు సగటున 1.37 బైట్లకు తగ్గినవి. యుక్తి రైలు టైముటేబిలు వంటిది. బండి ప్రతిదినమును అదే వేళకు వచ్చుచుండగా ప్రతిసారి వేళను వ్రాసికొననేల? ‘నిన్నటివలెనే’ అని ఒక్క గుర్తు చాలును. ఆలస్యమైన దినమున ఆలస్యమును మాత్రము వ్రాసికొనిన సరి. వారి అనుభవములో కాలసూచికలలో 96 శాతము ఒక్క బిట్టులో ఇమిడిపోయినవి. విలువలను గూడ వెనుకటి విలువతో పోల్చి, మారిన బిట్లను మాత్రమే వ్రాయుదురు. మెమరీ కార్డుపై నడచు చిన్న యంత్రమునకు ఇది కేవలము పొదుపు కాదు, ఆయుర్దాయము. ఎంత ఎక్కువసార్లు వ్రాసిన అంత త్వరగా ఆ కార్డు అరిగిపోవును.

పాత అంకెలను కుదించుటలో మాత్రము పొదుపరితనము ప్రమాదకరము. నెల దాటిన అంకెలను ఎనిమిది గంటల సగటులుగా మార్చి దాచు టూలును తలంచుడు. ఎనిమిది గంటలు ఐదు శాతము వాడుకతో నిద్రించుచుండిన యంత్రము రెండు నిమిషములు నూరు శాతమునకు ఎగసిన యెడల, సగటు ఐదున్నరయైన కాదు. ఆ రెండు నిమిషములలోనే కథ యంతయు జరిగియుండవచ్చును. సగటుతో పాటు ఆ గడువులోని గరిష్ఠమును గూడ దాచుట ఎనిమిది బైట్ల ఖర్చు. ఏటిమట్టమును సగటుతో మాత్రమే వ్రాసికొను ఊరిలో వరదకు చరిత్ర యుండదు.

ఇక అలర్టుల సంగతి. నాన్నా పులి కథ మనవారందరును చిన్నతరగతులలో చదివినదే. పల్నాటి వేసవిలో, అందునను రెంటచింతల ఎండలు పేపర్లకెక్కు ప్రాంతమున, 70 డిగ్రీలకు హద్దు పెట్టుకొనిన టూలు మధ్యాహ్నము పొడుగున పులి పులి యని అరచుచునే యుండును; 70 దాటగానే ఒకసారి, 69కి తగ్గగానే మరల ఒకసారి. మూడవనాటికి ఫోను యజమాని ఆ కబుర్లను మూసివేయును. దీనికి రెండు మందులు. హద్దు దాటి ఐదు నిమిషములు నిలిచిన గాని పిలువరాదనుట ఒకటి; పిలుచుటకు 75, శాంతించితినని చెప్పుటకు 65, ఇట్లు ఎక్కుమెట్టు దిగుమెట్టు వేరుగా నుంచుట రెండవది. డిస్కు నిండుటకు మూడవ మందు కలదు: ఎంత నిండినదని గాక, ఈ వేగమున ఎన్ని దినములలో నిండునని అడుగుట. తొంబది శాతము నిండి ఏడాదిగా కదలని డిస్కు భయము లేనిది; నలుబది శాతమే నిండి, గంటకు ఐదు శాతము పెరుగుచున్న డిస్కు ఈ రాత్రికే ముంచును.

డిస్కుల విషయమున వినయము కూడ నేర్చుకొనవలసి యున్నది. డిస్కు తన ఆరోగ్యమును తానే చెప్పుకొను స్మార్ట్ అను ఏర్పాటు ఉన్నది. 2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైబడిన డిస్కులను పరిశీలించి, పరీక్షలో మొదటిసారి లోపము చూపిన డిస్కు తరువాతి 60 దినములలో చెడిపోవుటకు లోపము లేనిదానికంటె 39 రెట్లు ఎక్కువ అవకాశము కలదని కనుగొనిరి. అదే పరిశోధనలో, చెడిపోయిన డిస్కులలో సగమునకు పైగా, నూటికి 56, ముఖ్యమైన నాలుగు లక్షణములలో ఏ ఒక్కదానిని ముందుగా చూపలేదనియు తేలినది. అనగా జ్వరము వచ్చినవానికి వైద్యము చేయుట తప్పనిసరియే. జ్వరము రాలేదు గనుక ఆరోగ్యమే యనుట మాత్రము తప్పు. ఇచ్చటను మౌనము మాటాడుట లేదు.

తిరిగి మౌనము కడకే వచ్చితిమి. దానికై నా టూలులో నేను చేసిన మార్పులు వినుటకు చిన్నవి. ఒకటి, వార్త రాని కాలమున గీతను ముందు బిందువునుండి వెనుక బిందువునకు సాగదీసి కలుపక, ఖాళీగా విడిచిపెట్టుట. ఆ ఖాళీ చూచువాని కంటికి గుచ్చుకొనవలెను. రెండవది, ఆకుపచ్చ చుక్కకు ఆయుర్దాయము పెట్టుట. మూడు నిమిషములు క్రొత్త వార్త రానిచో అది తనంతట తానే ఎర్రబడును, రాబిన్సను రిలే మీట జారిపడునట్లు. ప్రొమిథియస్‌లో సైతము ‘ఈ అంకె హద్దు దాటినదా?’ అను ప్రశ్నకు తోడుగా ‘ఈ అంకె అసలు ఉన్నదా?’ అను ప్రశ్నను విడిగా వ్రాయవలసియే యున్నది. వ్రాయని పక్షమున అంకె మాయమైనప్పుడు అలర్టును మాయమగును. గడియారముల తగవు కూడ ఒకటి తీర్చవలసివచ్చినది. మా చిన్న యంత్రములో కాలమును నిలుపు బ్యాటరీ లేదు; కరెంటు పోయి వచ్చినప్పుడు అది ఆగిన వేళనే ఇప్పటి వేళగా తలంచి లేచి, ఇంటర్నెట్టు నుండి సరియైన కాలము తెలియువరకు పాతతేదీలతో వార్తలు పంపుచుండును. వానిని హబ్ తన గడియారముతో సరిపోల్చి త్రోసివేయవలెను.

ఇన్ని చేసినను ఒక ప్రశ్న మిగులును. హబ్బే పడిపోయినచో చెప్పువారెవరు? ఇంటిలోని రెండు యంత్రములు ఒకే ప్లగ్గు నుండి కరెంటు త్రాగుచున్నప్పుడు ఒకదాని మరణవార్తను రెండవది చెప్పజాలదు. దీనికిని ఒంటిదారి రైలుమార్గములలోనే మేలుబంతి దొరకినది. ఒక స్టేషను మాస్టరు తన కంటికి కనబడని దారిపైకి బండిని పంపుటకు ముందు, ముందు స్టేషనువారిని గంటకొట్టి అడిగి, వారు లైన్ క్లియర్ ఇచ్చిన పిదపనే పంపును. జవాబు రానిచో బండి కదలదు. ఇద్దరిలో ఎవ్వరును మరియొకరి మౌనమును సమ్మతిగా తీసికొనరు. నేనును నరసరావుపేటలో మా బావమరిది ఇంట మరియొక చిన్న యంత్రమును పెట్టించితిని. గ్రామములలోని ఇంటర్నెట్టు కనెక్షనులకు బయటివారు నేరుగా పిలుచుటకు వీలైన చిరునామా సాధారణముగా నుండదు గనుక, నడికుడి యంత్రమే నిమిషమునకొకసారి తానై పిలిచి ‘ఉన్నాను’ అనును. నరసరావుపేట ‘వింటిని’ అనును. మూడుమార్లు ‘ఉన్నాను’ అను పలుకు వినబడకున్న నరసరావుపేటయు, మూడుమార్లు ‘వింటిని’ అను జవాబు రాకున్న నడికుడియు నా ఫోనునకు కబురు పంపును.

మొన్న జ్యేష్ఠమాసమున ఒక రాత్రి పదకొండు దాటిన తరువాత ఫోను మ్రోగినది. ‘నడికుడి పలుకుట లేదు’ అని మూడే మాటలు. దీపము పట్టుకొని బీరువా కడకు పోయి చూడగా ఇల్లు తుడుచునప్పుడు కదలి వదులైన ప్లగ్గు, అరచేతికి చల్లగా తగిలిన యంత్రము. ప్లగ్గును బిగించి, చిన్న దీపము మిణుకుమనువరకు అక్కడనే నిలుచుంటిని. స్టేషను వైపునుండి గూడ్సుబండి పొందుగుల వంతెన దిక్కునకు పోవుచున్న చప్పుడు వినవచ్చుచుండెను. అది దూరమై ఆగిపోక ముందే ఫోను మరల మ్రోగినది: ‘నడికుడి పలికినది.’